మాక్రోఫేజ్‌లోంచి బీసీజీ ఆర్‌ఎన్‌ఏ తీసే రోజు

శుక్రవారం, రాత్రి

ఈరోజంతా బీసీజీతోనే (క్షయ టీకాలో వాడే, బలహీనపరచిన మైకోబ్యాక్టీరియా) సరిపోయింది. టీహెచ్‌పీ-1 అనే మనిషి రక్తకణాలకు పీఎంఏ అనే రసాయనం పెట్టి మాక్రోఫేజ్‌లుగా (సూక్ష్మజీవుల్ని మింగే రక్షణ కణాలు) మార్చి, కణానికి ఐదు బ్యాక్టీరియాల లెక్కన ఇన్ఫెక్షన్ ఇచ్చిన ఫ్లాస్కులకు ఉదయానికి 24 గంటలు నిండాయి. లోపలికెళ్ళిన బ్యాక్టీరియా ఏ జన్యువుల్ని పెంచింది, ఏవి తగ్గించిందో తెలియాలంటే దాని ఆర్‌ఎన్‌ఏ విడిగా కావాలి. చిక్కంతా మోతాదులో ఉంది. ఒక మాక్రోఫేజ్‌లో సుమారు 20 పికోగ్రాముల ఆర్‌ఎన్‌ఏ ఉంటే, ఒక బ్యాక్టీరియాలో పికోగ్రాములో పదోవంతు కూడా ఉండదు. కణానికి ఐదేసి ఉన్నా మొత్తంలో దాని వాటా రెండు మూడు శాతం దాటదు. అందులోనూ ఎక్కువ భాగం రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ, అంటే ప్రోటీన్లు తయారుచేసే యంత్రపు భాగం.

మనిషి కణపు ఎంఆర్‌ఎన్‌ఏకి (జన్యువుల సందేశం మోసే ఆర్‌ఎన్‌ఏ) చివర ఉండే పాలీ-ఏ తోక పట్టుకుని దాన్ని లాగేస్తే చాలదా అనిపిస్తుంది. చాలదు. ఆ తోకకి అంటుకునే ఆలిగో-డీటీ బీడ్స్‌కి దొరికేది ఆ కొద్దిశాతం ఎంఆర్‌ఎన్‌ఏ మాత్రమే. మనిషి రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏలైన 18ఎస్, 28ఎస్ అలాగే ఉండిపోతాయి. వాటిని కూడా ప్రోబ్‌లతో పట్టే కిట్లున్నాయి, బాగానే పనిచేస్తాయి. కానీ అది రెండూ కలిసిపోయాక విడదీసే తంటా. మైకోబ్యాక్టీరియా విషయంలో కలవనివ్వకుండానే పని జరుపుకోవచ్చు. మైకోలిక్ ఆమ్లాలతో కట్టిన దాని గోడ కణాల్ని కరిగించే గ్వానిడిన్ థయోసయనేట్‌కి తట్టుకుని నిలబడుతుంది, మాక్రోఫేజ్ పొర నిలబడలేదు. అందుకే నా దృష్టిలో ఈ ప్రయోగమంతా లైసిస్ (కణాన్ని పగలగొట్టడం) దగ్గరే గెలుస్తుంది లేదా పోతుంది.

లైసిస్ ద్రావణం లీటరుకి: 4 మోలార్ గ్వానిడిన్ థయోసయనేట్ (472.6 గ్రాములు), ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్ 7.35 గ్రాములు, డిటర్జెంట్లైన సార్కోసిల్ 5 గ్రాములు, ట్వీన్-80 5 మి.లీ. పీహెచ్ 7. గ్వానిడిన్ కరిగేటప్పుడు సీసా చేతికి చల్లగా తగులుతుంది, వేడిని అదే పీల్చుకుంటుంది కాబట్టి. వాటర్‌బాత్‌లో వెచ్చబెడితేనే పూర్తిగా కరుగుతుంది. ఫ్రిజ్‌లో పెడితే స్ఫటికాలు కడుతుంది, బయటే ఉంచాలి. బీటా-మెర్కాప్టోఇథనాల్ లీటరుకి 7 మి.లీ. లెక్కన, వాడే రోజున, హుడ్‌లోనే కలపాలి. ఇంకొక్కటి, కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ తప్పక చెప్పాల్సింది: ఈ వ్యర్థాల్లో బ్లీచ్ పోయకూడదు. విషవాయువులు వస్తాయి. బ్లీచ్ అలవాటున్న చోట ఈ సీసాకి వేరే రంగు చీటీ అంటించాలి.

మీడియం తీసేసిన వెంటనే ఫ్లాస్కులో 20 మి.లీ. పోయాలి. మధ్యలో పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌తో కడగడాలు, ఐస్ మీద పెట్టడాలు, స్క్రేపర్‌తో గీకి ముందుగా తిప్పడాలు వద్దు. బ్యాక్టీరియా ఎంఆర్‌ఎన్‌ఏ సగం ఆయుష్షు నిమిషాల్లో ఉంటుంది. ఆ కాసేపట్లోనే అది చలికీ కుదుపుకీ స్పందించి జన్యువులు మార్చేస్తుంది. అప్పుడు మనం చదివేది మాక్రోఫేజ్ లోపలి సంగతి కాదు, సెంట్రిఫ్యూజ్ లోపలి సంగతి. ట్రైటాన్ లేదా సాపోనిన్ లాంటి డిటర్జెంట్‌తో మెల్లగా కణాన్ని పగలగొట్టే పద్ధతి మీద నాకున్న అభ్యంతరం కూడా ఇదే.

పోసిన క్షణాల్లో లైసేట్ (పగిలిన కణాల ద్రవం) కోడిగుడ్డు తెల్లసొనలా సాగుతుంది. బయటపడ్డ మాక్రోఫేజ్ డీఎన్‌ఏ అది. ఈ జిగురు విరగకపోతే బ్యాక్టీరియా అందులో చిక్కుకుని అడుగుకి దిగదు, దిగినా డీఎన్‌ఏ ముద్దతో కలిసి దిగుతుంది. దిగుబడి తక్కువ, హోస్ట్ (అంటే మాక్రోఫేజ్) ఆర్‌ఎన్‌ఏ ఎక్కువ అనే ఫిర్యాదుల్లో సగానికి మూలం ఇక్కడే అని నా నమ్మకం. వోర్టెక్స్ చేసి, 10 మి.లీ. పిపెట్‌తోనూ ఆ తర్వాత సన్నని టిప్‌తోనూ, తీగలు సాగడం ఆగేదాకా లాగి వదలాలి. సూది వాడితే త్వరగా అవుతుంది గాని, బతికున్న బ్యాక్టీరియా దగ్గర సూది వద్దు.

తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో 4,000 జీ (భూమ్యాకర్షణకి 4,000 రెట్లు), 30 నిమిషాలు, 20 డిగ్రీలు. పెల్లెట్ (అడుగున చేరిన బ్యాక్టీరియా) చాలాసార్లు కంటికి కనబడదు. ట్యూబు బయటివైపు ముందే గుర్తు పెట్టుకుని, అడుగున అర మి.లీ. వదిలి పైది తీసేయాలి. మాక్రోఫేజ్ ఆర్‌ఎన్‌ఏ కూడా కావాలంటే ఆ పైదాన్ని దాచుకోవచ్చు. పెల్లెట్‌ని మళ్ళీ 1 మి.లీ. గ్వానిడిన్ ద్రావణంలో కలిపి స్క్రూ క్యాప్ ట్యూబులోకి మార్చి మరోసారి తిప్పాలి. బ్యాక్టీరియా పైన అంటుకున్న హోస్ట్ ఆర్‌ఎన్‌ఏ పోయేది ఈ రెండో కడుగులోనే, దీన్ని ఎగ్గొట్టకూడదు. ట్వీన్ ఉన్నందువల్ల గుంపులు కట్టడం, ప్లాస్టిక్‌కి అంటుకోవడం తగ్గుతాయి.

ఇప్పుడు ఆ గోడను పగలగొట్టే వంతు. ట్రైజాల్ (ఫినాల్, గ్వానిడిన్ కలిసిన ద్రావణం) 1 మి.లీ., 0.1 మి.మీ. జిర్కోనియా బీడ్స్ అర మి.లీ., బీడ్ బీటర్‌లో 45 సెకన్లు, ఐస్ మీద రెండు నిమిషాలు, మళ్ళీ 45 సెకన్లు. ఐస్ విరామం లేకుండా ఒకే దఫా తిప్పితే ట్యూబు వేడెక్కి ఆర్‌ఎన్‌ఏ ముక్కలవుతుంది. క్లోరోఫాం 200 మైక్రోలీటర్లు, 12,000 జీ దగ్గర 15 నిమిషాలు 4 డిగ్రీల్లో, పై పొర మాత్రమే తీసి 70 శాతం ఇథనాల్‌తో ఆర్‌ఎన్‌ఏని పట్టుకునే కాలమ్‌కి. కాలమ్ బదులు ఐసోప్రోపనాల్‌తో దించేటట్టయితే తోడుగా గ్లైకోజెన్ వేయాలి, ఈస్ట్ టీఆర్‌ఎన్‌ఏ వేయకూడదు. అది కూడా ఆర్‌ఎన్‌ఏనే, కొలతలోనూ సీక్వెన్సింగ్‌లోనూ వచ్చి కూర్చుంటుంది. కాలమ్ మీద ఒక డీఎన్‌ఏస్ (డీఎన్‌ఏని కోసే ఎంజైమ్), బయటికి తీశాక 37 డిగ్రీల్లో అరగంట ఇంకొకటి. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా రాసే ఎంజైమ్) లేని కంట్రోల్ పెడితేగాని డీఎన్‌ఏ పోయిందని నమ్మడానికి లేదు.

సాయంత్రం ఆర్‌ఎన్‌ఏని పొడవు ప్రకారం విడదీసి చూపే బయోఅనలైజర్. చూడాల్సింది నాలుగు చోట్ల: 16ఎస్, 23ఎస్ శిఖరాలు బ్యాక్టీరియావి, 18ఎస్, 28ఎస్ మనిషివి. 28ఎస్ సుమారు 5,000 న్యూక్లియోటైడ్లు కాబట్టి అందరికన్నా కుడివైపున విడిగా నిలబడుతుంది. కలుషితం పట్టడానికి దాన్ని చూడటమే తేలిక. కాంతి శోషణతో కొలిచే నానోడ్రాప్ ఇంత తక్కువ మోతాదుకి పనికిరాదు, గ్వానిడిన్ మిగిలితే శుద్ధత చూపే 260/230 నిష్పత్తి కూడా పడిపోతుంది. ఆర్‌ఎన్‌ఏకి అంటుకుని మెరిసే రంగుతో కొలిచే క్యూబిట్ అంకెనే నమ్మాలి. సీడీఎన్‌ఏకి (ఆర్‌ఎన్‌ఏ డీఎన్‌ఏ నకలు) ర్యాండమ్ హెక్సామర్లు (ఎక్కడైనా అంటుకునే పొట్టి ప్రైమర్లు) వాడి, క్యూపీసీఆర్‌లో (జన్యువు మోతాదు కొలిచే పరీక్ష) మనిషి జన్యువు గ్యాప్‌డీహెచ్, బ్యాక్టీరియా జన్యువు సిగ్-ఏ రెండూ పెడితే, విడదీయక ముందూ తర్వాతా ఎంత మారిందో అంకెల్లో తెలుస్తుంది. హోస్ట్ ఆర్‌ఎన్‌ఏ పూర్తిగా సున్నా కానక్కర్లేదు. ఎంత ఉందో తెలిస్తే సీక్వెన్సింగ్ లోతు దాన్నిబట్టి పెంచుకోవచ్చు.

ఇదే వంటకం సాల్మొనెల్లాకి పెడితే బ్యాక్టీరియా కూడా కరిగిపోతుంది, దాని గోడ పలుచన. దానికి 0.1 శాతం ఎస్‌డీఎస్, 1 శాతం ఆమ్ల ఫినాల్, 19 శాతం ఇథనాల్ నీళ్ళలో కలిపి, ఐస్ మీద 30 నిమిషాలు ఉంచుతారు. మాక్రోఫేజ్ పగులుతుంది, లోపలి బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏ ఎక్కడిదక్కడ స్థిరపడుతుంది. బ్యాక్టీరియా మరీ తక్కువున్నప్పుడు ఏదీ విడదీయకుండా రెండింటి రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ మాత్రం తీసేసి, మిగతాదంతా చదివి రెండు జీనోమ్‌ల మీదా పరచడమే మేలు.

రేపటికి బ్రాత్‌ (పోషక ద్రవం)లో పెంచిన బీసీజీ సిద్ధంగా ఉంది. పోల్చడానికి అదే కంట్రోల్. దాన్ని కూడా నేరుగా ట్రైజాల్‌లో వేయకుండా ఇదే గ్వానిడిన్, ఇదే అరగంట, ఇవే రెండు కడుగులూ దాటించాలి. లేకపోతే ద్రావణం తెచ్చిన తేడాని ఇన్ఫెక్షన్ తెచ్చిన తేడా అని రాసేస్తాం.