తొలి కప్పు మన హైదరాబాదులోనే

2025 అక్టోబరు 12, ఆదివారం. విశాఖ పీఎం పాలెం స్టేడియంలో మహిళల వన్డే ప్రపంచకప్‌లో భారత్, ఆస్ట్రేలియా మ్యాచ్ చూసి ఇంటికి వచ్చేదాకా ఆటోలో మా అమ్మాయి నాతో మాట్లాడలేదు. తప్పు నాదే. ఆస్ట్రేలియా కెప్టెన్ అలిస్సా హీలీ సెంచరీ కొట్టినప్పుడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాను.

"అమ్మా, నువ్వు ఏ జట్టు వైపు?" అని ఇంటి గేటు దగ్గర అడిగింది.

మనవాళ్లు 330 చేశారు. స్మృతి మంధాన, ప్రతీక రావల్ తొలి వికెట్టుకే 155 జోడించారు. కానీ చివరి ఆరు వికెట్లు 36 పరుగులకే పడిపోయి, ఏడు బంతులు ఆడకుండానే మిగిలిపోయాయి. బ్యాంకులో పనిచేసేదాన్ని కదా, నాకు అక్కడే భయం పట్టుకుంది: ఆస్ట్రేలియా వాళ్లు ఇలాంటి బాకీ వడ్డీతో సహా వసూలు చేస్తారు. చేశారు కూడా. హీలీ 107 బంతుల్లో 142 కొట్టింది. కండరాలు పట్టేసి మధ్యలో వెళ్లిపోయిన ఎలిస్ పెర్రీ తిరిగొచ్చి, ఒక ఓవర్ మిగిలుండగానే సిక్సర్‌తో ఆట ముగించింది. మహిళల వన్డేల్లో అప్పటికి అంత పెద్ద లక్ష్యాన్ని ఎవరూ ఛేదించలేదు. చప్పట్లు కొట్టక ఏం చేయను?

వాళ్లంటే నాకు కోపం లేదని కాదు. 2005 ప్రపంచకప్ ఫైనల్ మరుసటి రోజు పేపర్లో స్కోరు వెతుక్కుని చదివాను. దక్షిణాఫ్రికాలోని సెంచూరియన్‌లో ఆస్ట్రేలియా బ్యాటర్ కారెన్ రోల్టన్ ఒక్కతే 107 నాటౌట్. మన జట్టు మొత్తం 117. ఆ పూట అన్నం సహించలేదు.

మహిళల ప్రపంచకప్ 1973లో ఇంగ్లండ్‌లో మొదలైంది. మగవాళ్ల కప్పు కంటే రెండేళ్లు ముందు! ఈ మాట మా ఆఫీసులో చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. ఆ తొలి కప్పు ఇంగ్లండ్‌దే. 2022 వరకు జరిగిన పన్నెండింటిలో ఆస్ట్రేలియా ఏడు, ఇంగ్లండ్ నాలుగు గెలిచాయి. 2000లో మాత్రం న్యూజిలాండ్ సొంతగడ్డ మీద ఆస్ట్రేలియాను నాలుగే నాలుగు పరుగుల తేడాతో ఓడించి ఒకటి దక్కించుకుంది. టీ20 కప్పుల్లోనూ 2024 వరకు జరిగిన తొమ్మిదిలో ఆరు ఆస్ట్రేలియావే.

ఆస్ట్రేలియా వాళ్లు ఆ ఏడు వన్డే కప్పుల్లో మొదటిది ఎక్కడ గెలిచారో తెలుసా? హైదరాబాదులో, లాల్ బహదూర్ స్టేడియంలో. 1978 జనవరిలో నాలుగు జట్లతో మన దేశంలో జరిగిన కప్పు అది. చివరి మ్యాచ్‌లో ఇంగ్లండ్‌ను 96కే కట్టడి చేసి, రెండే వికెట్లు కోల్పోయి గెలిచారు. డయానా ఎడుల్జీ నాయకత్వంలో మనం ఆడిన మూడూ ఓడిపోయాం. వాళ్ల ఆధిపత్యానికి కొబ్బరికాయ మన ఊళ్లోనే కొట్టారన్నమాట!

వాళ్ల గెలుపు గాలివాటం కాదు. రాష్ట్ర జట్ల మధ్య మహిళల లీగు అక్కడ 1996లోనే పెట్టారు. మన మహిళల ప్రీమియర్ లీగు వచ్చింది 2023లో. వాళ్ల జట్టులో ఒకరు గాయపడితే అంతటి ఆటగత్తె ఇంకొకరు బయట కూర్చుని ఉంటుంది.

మేము చూసిన ఆ మ్యాచ్ జరిగిన పద్దెనిమిది రోజుల తరువాత, నవీ ముంబయిలో సెమీఫైనల్. మళ్లీ వాళ్లే, ఈసారి మన ముందు లక్ష్యం 339. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి రెండు వికెట్లు తీసింది. జెమీమా రోడ్రిగ్స్ 82 మీద ఉండగా గాల్లోకి లేచిన బంతి నేరుగా హీలీ గ్లవ్స్‌లోకి వెళ్లి, జారిపోయింది. నేను టీవీ ముందు నిలబడిపోయాను. అమ్మాయి నా వైపు చూసి, "ఇప్పుడు కొట్టు చప్పట్లు" అంది. జెమీమా 127తో అజేయంగా నిలిచింది. ఫైనల్లో దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించాక మనవాళ్లు కప్పు తీసుకెళ్లి మన మాజీ ఆటగత్తెలు మిథాలీ రాజ్, ఝులన్ గోస్వామి చేతుల్లో పెట్టారు.

మేము విశాఖలో మ్యాచ్ చూసిన రోజే అక్కడి ఒక స్టాండుకు మిథాలీ పేరు పెట్టారు. ఈసారి టికెట్లు ఆ స్టాండులోనే తీయాలట, అమ్మాయి షరతు. నేను ఎప్పుడు చప్పట్లు కొట్టాలో కూడా తనే చెబుతుందట.