సాగర్ గేట్లు 26, కీర్తనలో వచనాలు 26

నాగార్జునసాగర్ డ్యామ్‌కు గేట్లెన్ని అని నల్లగొండ దిక్కు పిల్లలను అడిగితే, నీళ్లు దుంకేటప్పుడు ఒక్కసారి చూసొచ్చిన వాళ్లు కూడా 26 అని ఠక్కున చెప్తారు. 136వ కీర్తనలో వచనాలు కూడా సరిగ్గా 26. ఈ కీర్తన నేర్పబోయే సండే స్కూల్ టీచర్‌కు ఇంతకంటే మంచి మొదలు దొరకదు. చార్టు మీద 26 గడులు గీసి గోడకు అంటించండి. వచనం నోటికొచ్చిన రోజు దాని గడికి నీలం రంగు వేయిస్తే గేటు ఎత్తినట్టే.

పాట కట్టి వాక్యం నేర్పడం ఈమధ్య వచ్చిన పద్ధతి అనుకునేవాళ్లు ద్వితీయోపదేశకాండం 31వ అధ్యాయం తీసి చూడాలి. 120 ఏళ్ల మోషేకు దేవుడు చివరి రోజుల్లో చెప్పిన పనుల్లో ఒకటి కీర్తన వ్రాసి ఇశ్రాయేలీయులకు నేర్పడం. 19వ వచనంలో ఉన్న మాట "కంఠపాఠముగా చేయించుము." చదివి వినిపించమని అంటే సరిపోయేది, కానీ అనలేదు. చెవిలో పడ్డది పోతుంది, గొంతులో కూర్చున్నది పోదు.

136వ కీర్తనలో ప్రతి వచనం రెండో సగం ఒకటే: "ఆయన కృప నిరంతరముండును." అంటే 26 వచనాల బరువులో సగం ఒక్క వాక్యంతో దిగిపోతుంది. సొలొమోను మందిరాన్ని ప్రతిష్ఠించినప్పుడు అగ్ని దిగిరావడం చూసి జనం సాష్టాంగపడి పలికిన మాట కూడా ఇదేనని 2 దినవృత్తాంతములు 7:3 చెప్తుంది. ఈజిప్టు బానిసత్వం నుంచి విడుదలను తలచుకునే పస్కా పండుగ రాత్రి యూదులు ఇప్పటికీ ఈ కీర్తన పాడుకుంటారు. ఒకరు ఎత్తుకుంటే అందరూ అందుకోవడం దీని అల్లికలోనే ఉంది. నాట్లేసే మడిలోనూ, కోలాటంలోనూ, మన ఊళ్ల రాత్రి భజనల్లోనూ పాట నడిచేది అట్లనే కాబట్టి పాలమూరు, నల్లగొండ పిల్లలకు ఈ పద్ధతి ప్రత్యేకంగా నేర్పే పని లేదు.

అట్లయితే బతుకమ్మ రాగమే పెట్టుకోవచ్చు కదా అని కొందరు అంటారు. వద్దు. అది పక్కింటివాళ్ల పూజ, దాన్ని దాని చోటనే ఉండనివ్వాలి. పైగా ఆ రాగం ఎత్తగానే పిల్లల నోటికి 'ఉయ్యాలో' వస్తుంది గానీ 'ఆయన కృప' రాదు. వలయంగా తిరగడం, చప్పట్లు కొట్టడం అందరివీ. అవి చాలు.

ముందు పల్లవి నాలుగు చప్పట్లలో ఇమడాలి. మాత్రలు లెక్కబెట్టండి, పొట్టి అక్షరానికి ఒకటి, సాగే అక్షరానికి రెండు. 'ఆయన' నాలుగు. 'కృప' రెండే, దాన్ని 'కృపా' అని సాగదీసి తర్వాతి 'ని' కలిపితే నాలుగు. 'రంతర' నాలుగు, 'ముండును' నాలుగు. ఆయన, కృపాని, రంతర, ముండును. నాలుగేసి మాత్రల చతురస్ర నడకలో కొలిచినట్టు కూర్చుంటుంది, అందుకే చాలా చోట్ల ఇట్లనే పాడిస్తారు. చిక్కు కూడా ఇక్కడనే. ఐదేళ్ల పిల్లకు 'కృపాని' ఒక మాట, 'రంతర' ఇంకో మాట. నిరంతరం అనే మాట దాని చెవిన పడనే లేదు. ఇక నాలుగో చప్పట్ల మీద 'ముండును' విడిగా పలకగానే వెనక వరుసలో మగపిల్లలు మూతికి చేతులడ్డం పెట్టుకొని నవ్వుతారు. ఎందుకు నవ్వుతారో మన దగ్గర ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. దానికి వాళ్లను కొట్టొద్దు, తప్పు విరుపుది.

సంధి విడగొడితే రెండు చిక్కులూ పోతాయి. మొదటి రోజు రాగం లేకుండా 'ఆయన కృప, నిరంతరము, ఉండును' అని మూడు ముక్కలుగా పది సార్లు పలికించండి. పాటలోకి వచ్చాక మూడో చప్పట్ల మీద 'రంతర్ము', నాలుగో దాని మీద 'ఉండును'. 'ము' కొంచెం ఇరుకుగా దూరుతుంది, ఫర్వాలేదు, మాట్లాడేటప్పుడూ అట్లనే అంటాం. 'ని' మాత్రం రెండో చప్పట్ల తోకలోనే ఉంటుంది, కాబట్టి 'నిరంతరము' సైగ 'ని' దగ్గరే మొదలుపెట్టించాలి. చెయ్యి కదిలిన చోటే మాట మొదలైందని పిల్లలు పట్టుకుంటారు.

అధ్యాయం నంబర్ కూడా పాటలోనే పెట్టండి. కీర్తన, నూట, ముప్పై, ఆరు: ఇవీ నాలుగు చప్పట్లే. ముందొకసారి, చివర ఒకసారి. ఇది పెట్టని చోట పిల్లలు వాక్యం గడగడా అప్పజెప్పి, ఎక్కడుందంటే నోరు తెరుస్తారు.

సైగలు తక్కువ ఉండాలి. యాక్షన్ సాంగ్ అనగానే మాటకొక సైగ పెడతారు, రెండు నిమిషాల్లో పిల్లలు చేతుల మీద పడి మాటలు వదిలేస్తారు. వచనానికి ఒక్క సైగ, పల్లవికి రెండు. పల్లవిలో 'కృప' దగ్గర దోసిలి పట్టాలి. కృప సంపాదించుకునేది కాదు, పెట్టించుకునేది, ఆ సంగతి దోసిలే చెప్తుంది. 'నిరంతరము' దగ్గర దోసిలి విప్పి వలయం కుడివైపు కదలాలి. మొదలూ చివరా లేని వలయమే ఆ మాటకు సైగ, వేరే ఏదీ కల్పించక్కర్లేదు.

వలయానికి కొలత ఉంది. పిల్లకు మూడడుగుల చొప్పున 16 మందికి 48 అడుగుల చుట్టు, అంటే అడ్డం సుమారు 15 అడుగులు. మధ్యలో ఒకర్ని నిలబెట్టి ఏడున్నర అడుగుల తాడుతో సుద్దగీత గీయండి. రేకుల చర్చిలో అంత జాగా లేకపోతే ఎనిమిదేసి మంది రెండు దఫాలుగా ఆడాలి, ఇరికిస్తే మోచేతులు తగులుతాయి. మొదటి మూడు రోజులు చప్పట్లే. తర్వాత కోలలు ఇవ్వాలనుకుంటే ఎనిమిదేళ్లు దాటిన వాళ్లకే ఇవ్వండి. జానెడున్నర పొడవు, బొటనవేలంత లావు, కొనలు నున్నగా అరగదీసినవి. జోడీలు కావాలి కాబట్టి సరిసంఖ్య తప్పనిసరి. ఒకరు మిగిలితే డప్పు దగ్గర కూర్చోబెట్టండి.

డప్పు మిగిలినవాళ్లకు పడేసే పని అని ఎవరూ అనుకోకుండా చూడాలి. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు ఎన్ని కుటుంబాల ఎముకలు వంచాయో నల్లగొండ జిల్లాకు తెలుసు. ఏ కారణం చేతనైనా అడుగు సరిగ్గా పడని పిల్ల ఉంటే పాట ఎత్తుకునే పని ఆ పిల్లదే కావాలి. వలయమంతా ఆ గొంతు కోసం ఆగుతుంది. మామూలుగానైతే వచనం ఎత్తుకునేది పది దాటిన వాళ్లు, పల్లవి మోసేది చిన్నవాళ్లు. అందుకే వయసుల వారీగా విడదీయకుండా నేర్పదగిన కీర్తన ఇది.

4 నుంచి 9 వరకు సృష్టి. ఇక్కడ గ్రాంథికం పిల్లలను ఎట్లా తప్పుదోవ పట్టిస్తుందో చూడండి. "పగటి నేలుటకు ఆయన సూర్యుని చేసెను" అనగానే సగం మంది నేల చూపిస్తారు. 'పగటిని ఏలుటకు' అని విడగొట్టి చెప్తే ఇంకొందరు వేలు చూపిస్తారు, మన ఇళ్లలో వేలును ఏలు అనే కదా అంటాం. కాబట్టి ఏలడం అంటే రాజ్యం చేయడమని ముందే చెప్పి, తల మీద రెండు చేతులతో కిరీటం పెట్టించండి. సూర్యుడికీ అదే కిరీటం, చంద్రుడికీ అదే.

13వ వచనం "ఎర్రసముద్రమును ఆయన పాయలుగా చీల్చెను." పాయ అంటే వేరే అర్థం చెప్పొద్దు, జడ పాయలు చూపించండి. వలయం రెండు పాయలై ఎదురెదురు వరుసలు కట్టాలి, చిన్నవాళ్లు మధ్యలోంచి నడిచిపోవాలి, పల్లవికి మళ్లీ మూసుకోవాలి. తొందరపెడితే తోపులాట అవుతుంది. అందుకే ఇక్కడ పల్లవి రెండుసార్లు పాడించండి.

10వ వచనంలో ఈజిప్టువాళ్ల తొలిచూలు పిల్లల చావు ఉంది, 15లో ఈజిప్టు రాజు ఫరో సముద్రం పాలవడం, 17 నుంచి 20 దాకా సీహోను, ఓగు లాంటి రాజుల చావు. చేతిలో కోలలున్న పిల్లలకు చంపే సైగ ఇస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. దెబ్బల సంగతి అటుంచితే, ఎవరో చచ్చిపోవడం సంబరమనే పాఠం ఒంటికి పట్టేస్తుంది. ఈ వచనాలు వదిలేయనూ వద్దు, ఆడించనూ వద్దు. కోలలు కింద పెట్టించి, కదలకుండా నిలబెట్టి, గొంతు తగ్గించి పాడించండి. యూదులు పస్కా భోజనంలో ఈజిప్టు మీదికి వచ్చిన తెగుళ్ల పేర్లు చెప్తూ ఒక్కో దానికి గిన్నెలోంచి ఒక్కో చుక్క ద్రాక్షారసం తీసేస్తారు. ఎదుటివాడి చావు మీద నిండు గిన్నె తాగకూడదని పెద్దలు దానికి అర్థం చెప్తారు. పదేళ్లు దాటిన పిల్లలకు ఇది అర్థమవుతుంది.

23వ వచనం మనం దీనదశలో ఉన్నప్పుడు ఆయన జ్ఞాపకం చేసుకోవడం గురించి. అమ్మానాయినలు వలస పోతే అవ్వ దగ్గర ఉండే పిల్లలు పాలమూరు తరగతుల్లో ఉంటారు. దీనదశ అంటే ఏమిటని వాళ్లను అడగొద్దు, సైగ కూడా వద్దు, పాడి ముందుకు పోండి. 25లో ఆహారం వచ్చినప్పుడు దోసిలి ఎట్లాగూ వస్తుంది.

శ్రుతి, వేగం. పాస్టరు అయ్యగారు తన శ్రుతిలో ఎత్తుకుంటే పిల్లలు గొణుగుతారు, లేదంటే అరుస్తారు. కీబోర్డు మీద మధ్య సి పక్కనున్న డి నుంచి బి వరకు పాట తిరిగితే హాయి. రిథమ్ నిమిషానికి 80 చప్పట్లు దాటొద్దు, 120లో పెడితే 'కృతజ్ఞతాస్తుతులు' ఏ నోటా పలకదు. వచనానికి 8 చప్పట్లు, పల్లవికి 4 అనుకుంటే కీర్తనంతా 4 నిమిషాలకు అటూఇటూ అవుతుంది. మే నెల వి.బి.ఎస్.లో, అంటే సెలవుల బైబిల్ బడిలో, పొద్దున ఏడింటికే ఈ భాగం పెట్టుకోండి. తొమ్మిది దాటితే రేకుల కింద పిల్లలను ఎగిరించడం పాపం.

వచ్చిందా లేదా అనేది ఆటలో తెలియదు, పక్కవాళ్లను చూసి చేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఐదో రోజు అందరినీ కూర్చోబెట్టి, సైగలు ఆపి రాగంతో మాత్రమే పాడించండి. తర్వాత రాగం తీసేసి పలికించండి. ఎక్కడ తడబడితే ఆ గడి రంగు తుడిచేసి మర్నాడు మళ్లీ అక్కడి నుంచి. తర్వాత వారం, ఆ పై వారం, నెలకు ఒకసారి ఆరాధనలో పెద్దల ముందు పాడించండి. 26వ వచనానికి వచ్చేసరికి డప్పు ఆగిపోవాలి. పల్లవి మొదటిసారి చప్పట్లతో, రెండోసారి చప్పట్లు లేకుండా దోసిలితో. ఆ దోసిలి విప్పకుండానే, మెల్లగా, నాలుగు మాటల్లో: కీర్తన, నూట, ముప్పై, ఆరు.