ఒక్క బావి నీళ్లు, నాలుగు రకాల ఎల్ఫులు

ఫాంటసీ గేముల్లో ఎల్ఫ్ అనగానే పొడుగు చెవులు, విల్లు, అడవి, కాస్త పొగరు, అంతే. రెండు మూడు వర్గాలు పెట్టినా బట్టల రంగు మార్చి వదిలేస్తారు చాలామంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్ మీద నాకు బోలెడు కంప్లైంట్లున్నాయి గానీ ఈ ఒక్క విషయంలో మాత్రం మెచ్చుకోవాల్సిందే. అక్కడ ఎల్ఫులందరిదీ ఒకటే జబ్బు, మాయాశక్తికి అలవాటు పడిపోవడం, అది దొరకనప్పుడు ఎవరు ఏం చేశారన్నదాన్ని బట్టే ఆ వర్గం రంగు, ఊరు, తీరు అన్నీ వచ్చాయి.

కథ తెలియనివాళ్లకి క్లుప్తంగా: పదివేల ఏళ్ల కిందట వెల్ ఆఫ్ ఎటర్నిటీ అని ఒక శక్తి బావి, దాన్ని రాణి అజ్షారా, ఆవిడ చుట్టూ ఉన్న హైబోర్న్ పెద్దలు ఎడాపెడా వాడేసి రాక్షస సైన్యాన్ని లోపలికి రప్పించారు, చివరికి ఖండమే ముక్కలైపోయింది.

ఆ దెబ్బతో ఇక ఈ మాయ మనకొద్దు బాబోయ్ అని అడవి పట్టినవాళ్లు నైట్ ఎల్ఫులు. వీళ్ల థీమ్ ఈ ఆన్‌లైన్ గేమ్ కంటే ముందు, 2002లో వచ్చిన వార్‌క్రాఫ్ట్ 3లోనే ఇంకా బాగా కనిపిస్తుంది. అందులో మిగతా జాతులు కలప కోసం చెట్లు నరుకుతాయి, నైట్ ఎల్ఫుల పనులు చేసే విస్ప్ మాత్రం చెట్టు చుట్టూ తిరుగుతూ కలప తెస్తుంది, చెట్టు అలాగే ఉంటుంది. బిల్డింగుల్లో చాలావరకు చెట్లే, అవసరమైతే వేళ్లు పీక్కుని నడిచొచ్చి శత్రువుని కొడతాయి. సైన్యానికి శక్తి నింపే మూన్ వెల్ రాత్రిపూటే నిండుతుంది. ఎవరూ డైలాగ్ చెప్పక్కర్లేదు, పది నిమిషాలు ఆడితే వీళ్లెవరో అర్థమైపోతుంది.

మాయ మానం పొమ్మన్నవాళ్లని వెళ్లగొడితే వాళ్లు బావి నీళ్లు ఒక సీసాలో దొంగతనంగా తెచ్చుకుని సన్‌వెల్ అనే కొత్త బావి పెట్టుకున్నారు, వాళ్లే హై ఎల్ఫులు. తర్వాత ఆర్థస్ అనే దారితప్పిన యువరాజు శవసైన్యంతో వచ్చి ఊరు తుడిచిపెట్టి ఆ సన్‌వెల్‌ని పాడుచేశాడు, మిగిలినవాళ్లలో ఎక్కువమంది బ్లడ్ ఎల్ఫులమని పేరు మార్చుకున్నారు. 2007లో బర్నింగ్ క్రూసేడ్ అనే ఎక్స్‌పాన్షన్‌తో (గేముకి అదనపు భాగం) వీళ్లు వచ్చినప్పుడు ఆ మొదటి జోన్ చూడండి, అంతా బంగారు ఆకులు, ఎర్ర గోపురాలు, వాళ్ల రాజధాని సిల్వర్‌మూన్ వీధుల్లో చీపుర్లు వాటంతటవే ఊడుస్తుంటాయి, పక్కనే సగం నగరం శిథిలం, అడవి మధ్యలోంచి శవాలు నడిచిన నల్లటి దారి. డెడ్ స్కార్ అంటారు దాన్ని. అంత పోయాక కూడా సోకు తగ్గలేదు చూడండి, అదే వీళ్ల క్యారెక్టర్. కొత్తగా మొదలుపెట్టినవాళ్ల చేత మానా వర్మ్ అనే మాయాజీవి నుంచి శక్తి లాగించే క్వెస్ట్ కూడా ఉంది, అంటే అలవాటు మొదటి లెవెల్స్ నుంచే.

నాకు అన్నిటికంటే ఇష్టం 2016 ఎక్స్‌పాన్షన్ లీజన్‌లో వచ్చిన సురామార్. ఆ నగరం చుట్టూ గోడలాంటి మాయ కప్పేసుకుని పదివేల ఏళ్లు లోపలే ఉండిపోయింది, నైట్‌వెల్ అనే సొంత బావి శక్తి తాగుతూ. ఇదీ నైట్‌బోర్న్ అనే ఆ ఊరి ఎల్ఫుల కథ. కాలవలు, ఊదారంగు దీపాలు, ద్రాక్షతోటలు, ఆ శక్తి నింపిన ఆర్క్‌వైన్ పార్టీలు, ఆ వైన్ ఆగిందంటే మనిషి ఎండిపోయి చివరికి మతిలేని విదర్డ్ అయిపోతాడు. నగరాన్నేలే గ్రాండ్ మాజిస్ట్రిక్స్ ఎలిసాండే చేతిలో ఉన్న అసలు ఆయుధం అదే, ఎదురు తిరిగితే వాటా కట్. మనం ఆవిడకి ఎదురు తిరిగి గుహలో దాక్కున్న థలిస్రాకి రోడ్డు పక్కన మెరిసే మానా స్ఫటికాలు ఏరి తెచ్చి తాగించాలి, మళ్లీ ఆకలేస్తుంది, మళ్లీ తేవాలి. ఈ క్వెస్టు బోర్ అని తిట్టుకున్నవాళ్లు చాలామంది, నిజమే బోరే, కానీ వ్యసనపరుణ్ణి చూసుకోవడం బోర్‌గా కాక ఇంకెలా ఉంటుంది చెప్పండి. నగరంలోకి వేషం మార్చుకుని వెళ్తే కొందరు గార్డులు పసిగట్టేస్తారు, జనం మధ్యలోంచి పరుగో పరుగు.

తర్వాత 7.1 ప్యాచ్‌లో నగరం బయట మూడు సైన్యాలు వచ్చి నిలబడతాయి, నైట్ ఎల్ఫుల తరఫున టిరాండే, బ్లడ్ ఎల్ఫుల తరఫున లియాడ్రిన్, హై ఎల్ఫుల తరఫున వెరీసా. టిరాండేకి నైట్‌బోర్న్‌ని చూస్తే పాత హైబోర్న్ గుర్తొస్తారు, అనుమానం దాచుకోదు. లియాడ్రిన్ మాత్రం ఆ ఆకలి తానూ పడింది కాబట్టి అర్థం చేసుకుంటుంది. అందుకే 2018లో నైట్‌బోర్న్ బ్లడ్ ఎల్ఫులున్న హోర్డ్ పక్షంలో చేరారంటే నాకు ఆశ్చర్యం అనిపించలేదు, ఎదుటి పక్షం అలయన్స్ ప్లేయర్లు ఎంత ఏడ్చినా.

అదే టైమ్‌లో వచ్చిన వాయిడ్ ఎల్ఫుల దగ్గరే గేమ్ చేసినవాళ్లు తేలిపోయారు. నిషిద్ధ విద్య నేర్చుకోబోయి బ్లడ్ ఎల్ఫుల నుంచి గెంటేయబడ్డ గుంపు, ఐడియా బాగానే ఉంది, కానీ వీళ్లకి ఊరేదీ? తేలుతున్న నాలుగు రాళ్లు. వీధి లేదు, ఇల్లు లేదు, జుట్టు చివర్లు మాత్రం కదులుతుంటాయి. 2020లో మామూలు చర్మం రంగులు ఇవ్వగానే జనం వాయిడ్ ఎల్ఫుని పెట్టుకుని హై ఎల్ఫ్‌లా తయారుచేసేసుకున్నారు. నాదీ అదే బాపతు క్యారెక్టర్ ఒకటుంది, దాని ఊదా చర్మం ఎలా ఉంటుందో నేను ఇంతవరకు చూడలేదు.