ఇంతకీ ఎవర్ని అడగాలి?

ఇండియాలో ఉన్న స్నేహితురాళ్ళు "మీ అమెరికాలో మెటర్నిటీ లీవ్ ఎన్నాళ్ళే?" అని అడుగుతుంటారు. నేను చెప్పే జవాబు ఒక్కరూ నమ్మరు. దేశం మొత్తానికీ వర్తించే చట్టం ప్రకారం జీతంతో లీవు ఒక్క రోజు కూడా లేదు. మన దగ్గర 2017 సవరణ తర్వాత 26 వారాలు జీతంతో ఇవ్వాలి, అది కాగితం మీద ఉన్నంత బాగా అందరికీ అందదనుకోండి, అయినా చట్టమంటూ ఉంది. ఇక్కడ 1993లో వచ్చిన ఎఫ్‌ఎంఎల్‌ఏ (కుటుంబ, వైద్య సెలవుల చట్టం) ఇచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా. ప్రైవేటు కంపెనీ అయితే 50 మంది ఉద్యోగులుండాలి, మీరు చేరి ఏడాది దాటాలి, ఆ ఏడాదిలో 1,250 గంటలు పనిచేసి ఉండాలి. ఇవన్నీ కుదిరితే ఉద్యోగం పోకుండా ఇంట్లో ఉండొచ్చు. ఆ మూడు నెలలూ అద్దె ఎక్కణ్ణుంచి వస్తుందన్నది మీ తలనొప్పి.

ఇన్నేళ్ళు ఇక్కడ పనిచేశాక, ఆడవాళ్ళ కోసం చేశామని చెప్పే ఏ చట్టాన్ని చూసినా నాకు ముందు వచ్చే సందేహం ఒకటే. ఇది నాకు అందాలంటే నేను ఎవరి ముందు వెళ్ళి నిలబడాలి? మేనేజరా, హెచ్‌ఆరా, లాయరా, మా ఆయన కంపెనీయా? అడిగితే గానీ రాని హక్కు నోరున్నవాళ్ళకే అందుతుంది. వీసా మీద ఉన్నవాళ్ళకి నోరు ఎంతుంటుందో మీకు చెప్పక్కర్లేదు.

నేను వచ్చింది హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే డిపెండెంట్ వీసా. హైదరాబాద్‌లో టెస్టింగ్‌లో ఉద్యోగం వదులుకుని వచ్చి న్యూజెర్సీలో దిగితే సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా ఇవ్వరు, ట్యాక్సులు ఫైల్ చేయడానికి ఐటిన్ అని వేరే నంబరు తెచ్చుకోవాలి. క్రెడిట్ కార్డు ఉందంటే అది మా ఆయన ఖాతాకి తోకగా ఉన్నదే. 2015 మే 26న హెచ్-4 ఈఏడీ, అంటే మాలాంటివాళ్ళకి పని చేసుకునే అనుమతి కార్డు, మొదలైంది, మా అపార్ట్‌మెంట్లలో పండగే. అయితే అందరికీ కాదు, మామూలుగా భర్తకి ఐ-140, అంటే కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషన్, అప్రూవ్ అయి ఉండాలి. మా ఆయన కంపెనీ అప్పటికి దానికి ముందు మెట్టయిన పెర్మ్ కూడా మొదలుపెట్టలేదు. అంటే నేను పని చేసుకోవచ్చా లేదా అన్నది తేల్చేది నేనెప్పుడూ చూడని ఆఫీసులో, నా పేరైనా తెలియని ఒక హెచ్‌ఆర్ అన్నమాట. మా ఆయన రివ్యూకి వెళ్ళిన ప్రతిసారీ తన హైక్ మాట ఎత్తకుండా "పెర్మ్ ఎప్పుడు వేస్తారు" అనే అడిగేవారు. నాకు పని లేకపోవడం వల్ల ఆయన జీతం కూడా ఆగిందని ఏ లెక్కల్లోనూ రాయరు.

కార్డు వచ్చాక కూడా టెన్షన్ తీరదు. గడువు దగ్గరపడగానే ఆఫీసు నుంచి ఐ-9 (పనిచేసే అనుమతి ఉందో లేదో చూసే ఫారం) రీవెరిఫికేషన్ ఈమెయిల్ వస్తుంది. చాలా మర్యాదగానే ఉంటుంది, ఫలానా తేదీలోగా కొత్త డాక్యుమెంట్ అప్‌లోడ్ చేయకపోతే పేరోల్‌లో ఉంచలేమని. మా టీంలో ఒకమ్మాయికి అలాగే ఆగింది. బ్యాడ్జి పనిచేయలేదు, లాప్‌టాప్ వెనక్కి పంపించేసింది, ఆమె పని నేనూ ఇంకొకతనూ పంచుకుని లాగిస్తుంటే మా లీడ్ "తన వెకేషన్ ఎప్పటిదాకా?" అన్నాడు. 2021లో ఒక కేసులో రాజీ కుదిరాక, రెన్యూవల్ పెండింగ్‌లో ఉండగా పాత కార్డే చెల్లేలా ఆటోమేటిక్ ఎక్స్‌టెన్షన్ అని కొంచెం ఊరట దొరికింది, అదీ ఐ-94లో రాసిన, దేశంలో ఉండనిచ్చే గడువు దాకానే కాబట్టి చాలామందికి ఉన్నా లేనట్టే. 2025 జనవరిలో దాన్ని శాశ్వతంగా 540 రోజులకి పెంచారు, అదే ఏడు అక్టోబరు 30 నుంచి వేసే రెన్యూవల్స్‌కి అసలు తీసేశారు. ఈ కార్డు మీద పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది మన దేశపు ఆడవాళ్ళే. అయినా ఆఫీసుల్లో స్త్రీల సమానత్వం గురించి పెట్టే ప్యానెళ్ళలో ఈ మాట నేనైతే ఒక్కసారి కూడా వినలేదు. అది ఇమ్మిగ్రేషన్ వాళ్ళ ఫైలు, సమానత్వం వేరే ఫైలు.

ఇక జీతం సంగతి. 2016లో నా మొదటి ఇంటర్వ్యూకి ఫోన్ చేసిన రిక్రూటర్ మన తెలుగతనే. పేరు అడిగాడు, వెంటనే కరెంట్ శాలరీ అడిగాడు. గ్యాప్ ఉందండీ అంటే పోనీ చివరి జీతం చెప్పమన్నాడు. హైదరాబాద్ జీతాన్ని తనే డాలర్లలోకి మార్చుకుని, "మీకిది చాలా పెద్ద జంప్ అండీ" అని ఆఫర్ చేసిన అంకె పక్క టీంలో అదే పని చేసేవాళ్ళకంటే బాగా తక్కువని తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది. మొదట్లో పడిన ఆ తేడా ఉన్నచోట ఉండదు. ఒకరు 60 వేలతో, ఇంకొకరు అదే పనికి 80 వేలతో మొదలుపెట్టారనుకోండి, ఇద్దరికీ ఏటా సమానంగా 3 శాతమే పెంచుతూ పోయినా పదేళ్ళకి ఆ 20 వేల తేడా దాదాపు 27 వేలవుతుంది. మధ్యలో ఎవరూ ఎవరికీ అన్యాయం చేయక్కర్లేదు, పెంచేది శాతాల్లో కాబట్టి అదే పెరుగుతుంది. పిల్లల కోసమో వీసా కోసమో కొన్నేళ్ళు ఆగినవాళ్ళకి పాత జీతం అడగడమంటే ఆ ఆగిన ఏళ్ళకి జరిమానా వేసినట్టే.

న్యూజెర్సీలో 2020 జనవరి 1 నుంచి పాత జీతం అడగకూడదు. ఆ తర్వాత నేను ఉద్యోగం మారినప్పుడు అప్లికేషన్‌లో ఆ గడే లేదు. "మీరు ఎంత ఆశిస్తున్నారు?" అన్నారు, నేను నాలుగు చోట్ల వాకబు చేసి పెట్టుకున్న అంకె చెప్పాను. నేను పోరాడిందీ లేదు, ఫిర్యాదు చేసిందీ లేదు. ఒక ప్రశ్న తీసేశారు, అంతే. ఇలాంటి చట్టాలే నాకు ఇష్టం.

దీనికి పూర్తిగా వ్యతిరేకం 1963 నాటి ఈక్వల్ పే యాక్ట్. సమాన పనికి సమాన జీతం ఇవ్వాలంటుంది బాగానే ఉంది, కానీ పక్కవాడి జీతం ఎంతో ముందు మీకు తెలియాలి కదా. అలబామాలో ఒక టైర్ల ఫ్యాక్టరీలో 19 ఏళ్ళు పనిచేసిన లిల్లీ లెడ్‌బెటర్‌కి తన జీతం మగ సూపర్‌వైజర్లకంటే తక్కువని తెలిసింది ఎవరో పేరు లేకుండా పెట్టిన చీటీ వల్ల. ఉద్యోగాల్లో వివక్షని నిషేధించే ఇంకో చట్టం (టైటిల్ 7) కింద కోర్టుకి వెళితే 2007లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో, జీతం నిర్ణయించిన 180 రోజుల్లోపు ఫిర్యాదు చేయాల్సింది అని కొట్టేసింది. తెలియని విషయం మీద ఆర్నెల్లలో ఫిర్యాదు ఎలా చేస్తారండీ ఎవరైనా? 2009 జనవరిలో ఒబామా అధ్యక్షుడయ్యాక సంతకం పెట్టిన మొదటి చట్టం ఆవిడ పేరు మీదే, తక్కువగా ఇచ్చిన ప్రతి చెక్కుతోనూ గడువు కొత్తగా మొదలవుతుందని. ఆవిడకి మాత్రం పైసా రాలేదు. పెద్దావిడ 2024లో పోయారు.

ఆ చీటీ పనిని ఇప్పుడు ఉద్యోగ ప్రకటనలు చేస్తున్నాయి. 2021లో కొలరాడో మొదలుపెట్టింది, తర్వాత కాలిఫోర్నియా, న్యూయార్క్, 2025 జూన్ 1 నుంచి మా న్యూజెర్సీ. పది మంది, ఆపైన ఉద్యోగులున్న చోట ప్రకటనలో జీతం రేంజ్ వేయాలి. 90 వేల నుంచి 2 లక్షల 10 వేల దాకా అని వేసే ఘనులూ ఉన్నారు, అది రేంజా నా మొహమా. అయినా పనికొస్తుంది. మొన్న వేసవిలో టీంలో నా జూనియర్ ఒకమ్మాయి పింగ్ చేసింది.

"అక్కా, మన టీం ఓపెనింగ్ చూశావా? కింది అంకె చూడు."

చూశాను. అదే టైటిల్, అవే స్కిల్స్. రేంజ్‌లో అన్నిటికంటే తక్కువ అంకె తనకి వచ్చే జీతంకంటే ఎక్కువ.

"ఏమని అడగను అక్కా? కంప్లైంట్ చేసినట్టు ఉంటుందేమో."

"కంప్లైంట్ ఎందుకవుతుంది? లింక్ పెట్టి, ఈ రోల్‌కీ నా రోల్‌కీ తేడా ఏమిటో చెప్పమని రాయి. ఇంకేం రాయకు."

రెండు వాక్యాలు రాసింది. మేనేజర్ కొన్నాళ్ళు ఉలకలేదు పలకలేదు, తర్వాత "మార్కెట్ అడ్జస్ట్‌మెంట్" అని పెంచారు. పొరపాటు జరిగిందని మాత్రం ఎవరూ అనరు. తను అడగాల్సి వచ్చిన మాట నిజమే, కాకపోతే ఉత్త చేతులతో వెళ్ళలేదు. అన్నట్టు, జీతాలు మాట్లాడుకోకూడదని హెచ్‌ఆర్ వాళ్ళు ఓరియంటేషన్‌లో గంభీరంగా చెబుతారు చూడండి, సూపర్‌వైజర్లు కాని ఉద్యోగులు తమ జీతాల గురించి మాట్లాడుకునే హక్కు ఇక్కడ 1935 చట్టం నుంచీ ఉంది. మన మగాళ్ళు క్రికెట్ గ్రూపులో స్టాకుల దగ్గర్నుంచి బోనస్ దాకా అన్నీ చెప్పుకుంటారు. మనమే ఎందుకో రెసిపీలు పంచుకుని ఊరుకుంటాం.

రెండో కాన్పు 2021లో. అప్పుడు కన్సల్టెన్సీ తరఫున గంటల లెక్కన డబ్ల్యూ-2 మీద, అంటే వాళ్ళ పేరోల్ ఉద్యోగిగా, పనిచేస్తున్నాను. "మాకు మెటర్నిటీ పాలసీ అంటూ ఏం లేదండీ" అన్నారు వాళ్ళు, తెగ నొచ్చుకుంటూ. నాకు వాళ్ళ పాలసీతో పనే లేదు. న్యూజెర్సీ పే స్టబ్‌లో టీడీఐ (తాత్కాలిక అశక్తత బీమా), ఎఫ్‌ఎల్‌ఐ (కుటుంబ సెలవు బీమా) అని చిన్న చిన్న కోతలు ఉంటాయి, చాలామంది అవేంటో చూడను కూడా చూడరు. వాటి మీదే కాన్పుకి ముందు నాలుగు వారాలు, తర్వాత ఆరు వారాలు, సిజేరియన్ అయితే ఎనిమిది, ఆపైన బిడ్డతో ఉండటానికి ఇంకో 12 వారాలు రాష్ట్రం డబ్బిస్తుంది. సగటు జీతంలో 85 శాతం, ఒక పరిమితి దాకా. 2025లో ఆ పరిమితి వారానికి 1,081 డాలర్లు. నేను ఆన్‌లైన్‌లో అప్లై చేశాను, డాక్టరు తన భాగం నింపారు, డబ్బు వచ్చింది. మీ వీసా ఏమిటని ఎవరూ అడగలేదు, ఆ కోత నా జీతంలోనూ కోశారు కాబట్టి. ఉద్యోగం నిలబడటం మాత్రం వేరే సంగతి, దానికి అప్పటి రాష్ట్ర చట్టంలో 30 మంది ఉద్యోగులు ఉండాలన్న షరతు. నేను తిరిగి వచ్చేసరికి ఆ క్లయింట్ ఇంకొకర్ని పెట్టేసుకున్నాడు, వేరే ప్రాజెక్టు వెతుక్కున్నాను. సీ2సీ మీద, అంటే సొంత కంపెనీ పెట్టుకుని, సొంత ఇన్‌వాయిస్‌లు వేసుకునే అమ్మాయిలు ఈ కోతలుండవు కదా అని సంబరపడుతుంటారు. కోత లేకపోతే ఈ డబ్బూ లేదమ్మా అని నేను కనపడిన ప్రతి ఒక్కరికీ చెబుతుంటాను.

ఆ 12 వారాలు తండ్రులకీ ఉన్నాయి. మా ఆయన తీసుకుంటానంటే వాళ్ళ టీంలో మనవాళ్ళే నవ్వారు. తర్వాత ఏడాదిలో ఆ నవ్విన ఇద్దరూ తీసుకున్నారు.

వీటన్నిటికంటే నన్ను కంగారుపెట్టింది సోషల్ సెక్యూరిటీ స్టేట్‌మెంట్. ఆన్‌లైన్‌లో ఖాతా తెరిస్తే ఏ సంవత్సరం ఎంత సంపాదించారో వరసగా పట్టీ వస్తుంది. హెచ్-4 ఏళ్ళకి ఎదురుగా సున్నా, సున్నా, సున్నా. పెన్షన్ రావాలంటే 40 క్రెడిట్లు కావాలి, ఏడాదికి నాలుగే ఇస్తారు, అంటే కనీసం పదేళ్ళ పని. ఎంత వస్తుందన్నది బాగా సంపాదించిన 35 ఏళ్ళ సగటు మీద లెక్కకడతారు, అన్ని ఏళ్ళు లేకపోతే మిగతావి సున్నాలుగా వేస్తారు. పిల్లల్ని పెంచిన ఏళ్ళకి జర్మనీలో పెన్షన్ లెక్కలో చోటుంది, ఇక్కడ లేదు. ఇండియాతో ఒప్పందం లేదు కాబట్టి అక్కడ చేసిన సర్వీసు ఇక్కడ కలవదు. భర్త రికార్డు మీద సగం దాకా రావచ్చు, విడాకులైతే పెళ్ళి పదేళ్ళు నిలిచి ఉంటేనే. తొమ్మిదో ఏట విడిపోయిన ఒకావిడ నాకు తెలుసు, ఆ తొమ్మిదేళ్ళూ ఆవిడ హెచ్-4 మీదే ఉంది.

ఈ పట్టీ చూశాక మా ఇంట్లో పిల్లవాణ్ణి చూసుకునే ఆంటీ గురించి ఆలోచన మొదలైంది. కొడుకు ద్వారా గ్రీన్‌కార్డు మీద వచ్చారు, 57 ఏళ్ళు. పొద్దున మా ఇంట్లో, మధ్యాహ్నం ఇంకో ఇంట్లో. ఈ ఊళ్ళో ఈ పనికి అందరూ ఇచ్చేది క్యాషే. 2025 లెక్కన ఏడాదికి ఇచ్చేది 2,800 డాలర్లకి చేరితే ఇంటివాళ్ళు కూడా యజమాని కిందే లెక్క, సోషల్ సెక్యూరిటీకీ మెడికేర్‌కీ (పెద్దవాళ్ళ ప్రభుత్వ ఆరోగ్య బీమా) కలిపి ఇద్దరూ చెరో 7.65 శాతం కట్టాలి. 2024 జులై నుంచి న్యూజెర్సీలో ఇంటిపనివాళ్ళ కోసం విడిగా చట్టం కూడా ఉంది, రాతపూర్వకంగా ఒప్పందం ఇవ్వాలి. ఆంటీతో ఈ మాట ఎత్తితే "నా డబ్బులు కోసి గవర్నమెంటుకి ఇవ్వడమేంటమ్మాయ్?" అన్నారు. ఏడాదికి 7,240 డాలర్లు లెక్కలో కనిపిస్తే నాలుగు క్రెడిట్లు, పదేళ్ళు చేస్తే పెన్షనూ, మెడికేర్‌లో హాస్పిటల్ భాగం ప్రీమియం లేకుండానూ వస్తాయని కాగితం మీద వేసి చూపించాను. మా అబ్బాయిని అడగాలి అన్నారు. ఆ అబ్బాయి సరే అనడానికి రెండు నెలలు పట్టింది. కోసిన మేరకి గంటకి కొంచెం పెంచి ఇస్తున్నాం, మొన్న జనవరిలో ఆవిడకి జీవితంలో మొదటి డబ్ల్యూ-2, అంటే ఏడాది జీతం, కోతలు చూపే పత్రం, ఇచ్చాం.

మధ్యాహ్నం ఇంట్లో ఇప్పటికీ క్యాషే. ఆ ఇంటావిడ వాళ్ళ కంపెనీలో ఉమెన్స్ నెట్‌వర్క్‌కి కో-లీడ్, పే ఈక్విటీ మీద చాలా బాగా మాట్లాడుతుంది, నేను స్వయంగా విన్నాను. ఆంటీ సంగతి కదిపితే "మా ట్యాక్సులు చూసే సీపీఏని అడిగి చెప్తానండీ" అంది. మార్చి నుంచీ అడుగుతూనే ఉంది.