కీ చదివింది, పేరు చదవలేకపోయింది

"అమ్మా, కీ చదవగలను. అది ఏ ఆటదో నువ్వే చెప్పాలి" అంది నా కూతురు, నోటుపుస్తకం నా ముందు పెట్టి. పాత ఆట ఒకటి కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలని వెతుకుతోంది. కీ అంటే కొన్న ఆటను తెరవడానికి ఇచ్చే కోడు: ఐదేసి అక్షరాల గుంపులు మూడు, మధ్యలో అడ్డగీతలు. అవన్నీ గడగడా చదివేసి, పైన నేను తెలుగులో రాసిన పేరు దగ్గర ఆగిపోయింది.

తెలుగులో రాయడం నా పట్టుదల. ఆటల మీది ఇష్టంతోనైనా అక్షరాలు కూడబలుక్కుంటుందని ఆశపడ్డాను. పుస్తకం నింపుతూ పోయానే కానీ, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క పేరూ చదివించలేదు. ఆ తప్పు నాదే.

కీలు రాసిపెట్టుకోవాలన్న మాట మీద మాత్రం ఇప్పటికీ నిలబడతాను. డిస్కు పెట్టె మీది స్టిక్కరు చెరిగిపోతుంది. ఈమెయిల్లో వచ్చిన కీ ఆ పాస్‌వర్డ్ మరిచిపోయిన రోజున చేజారుతుంది. కీ ఒక్కటే రాస్తే చాలదు, దాన్ని ఏ ఖాతాలో ఎక్కించామో పక్కనే ఉండాలి. ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఒక ఖాతాకు ఎక్కిన కీ మరో ఖాతాలో పనిచేయదు. రశీదు కూడా దాచుకోవాలి, పేచీ వస్తే ఆధారం అదే. చేతిరాతతో మరో చిక్కుంది. నేను రాసిన 8 నా కూతురికి 'బి'లా కనిపించింది. రెండుసార్లు తప్పని చూపించాక, నేను ఒక్కొక్కటే చెబుతుంటే తను టైపు చేసింది.

"అన్నీ ఖాతాలోనే ఉంటాయి కదమ్మా, రాయడం ఎందుకు?" అంటుంది. ఆ మాటా కొట్టిపారేయలేను. కానీ తను చిన్నపిల్లని ఆటలన్నీ నా ఖాతాలోనే కొన్నాను. స్టీమ్ ఒప్పందం ప్రకారం ఖాతాను ఇంకొకరికి బదలాయించకూడదు. మనం కొనేది ఆటను కాదు, ఆడుకునే అనుమతిని. అమ్మేటప్పుడే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి చట్టమే ఉంది. గాగ్ (GOG) అనే మరో దుకాణంలో కొన్నవాటికైతే ఇన్‌స్టాలర్, అంటే ఆటను కంప్యూటర్‌లోకి ఎక్కించే ఫైలు, దించుకుని దాచుకోవచ్చు, నేను అక్కడ కొన్నవి రెండో మూడో. అయితే ఇన్నాళ్లూ నేను ఎవరి కోసం రాసినట్టు? కీలేమో నా ఖాతాకు కట్టుబడ్డాయి, పేర్లేమో తనకు రాని లిపిలో ఉన్నాయి.

ఆ రాత్రి నేను పేర్లు చదువుతుంటే తను వాటి కింద ఇంగ్లిషులో రాసుకుంది. వద్దనే మాట నోటిదాకా వచ్చి ఆగింది. మూడు పేజీలయ్యాక నిద్ర వస్తోందని లేచింది. మిగతా పేజీలు ఇంకా తెలుగులోనే ఉన్నాయి.