మా పెరటికి గులాబీ రకాన్ని ఎంచుకున్న వైనం

కావలిలో ఇల్లు కట్టుకున్న ఏడాది, వీధిలోకి వచ్చిన మొక్కల బండి దగ్గర మూడు గులాబీలు కొన్నాను. కడియం సరుకని అమ్మేవాడు చెప్పాడు. నేను రంగు తప్ప మరేమీ చూడలేదు. అవి హైబ్రిడ్ టీ రకాలని, అంటే పొడవాటి కాడకు ఒంటరిగా పెద్ద పువ్వు పూసేవని, 1867 నాటి లా ఫ్రాన్స్‌ను ఆ వర్గంలో మొదటిదిగా లెక్కిస్తారని తరువాత తెలుసుకున్నాను.

జనవరిలో అరచేయంత పూసిన మొక్కే, మే నెల ఎండలు నలభై డిగ్రీలు దాటేసరికి చిన్న పువ్వులు పూయసాగింది. వాటి అంచులు కూడా మధ్యాహ్నానికే మాడిపోయేవి. మా జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆకుల మీద తడి ఆరని ఆ రోజుల్లో నల్లమచ్చ తెగులు పట్టి, ఆకంతా రాలి, ఒక మొక్క కొమ్మల కొసల నుంచి కిందికి ఎండుతూ చనిపోయింది. రెండోది మాత్రం మొదట్లో నిటారుగా కొత్త చిగురు వేయడంతో తేరుకుందని సంబరపడి, మూడు నెలలు ఎరువు వేసి పెంచాను. ఒకనాడు మా అమ్మ వంగి చూసి, "ఒరే, ఇది అంటుకు కిందనుంచి లేచిన పిలకరా, నువ్వు కొన్న గులాబీ ఎప్పుడో పోయింది" అన్నది. పైన అంటు కట్టిన కొమ్మ చచ్చి, కింద వేరున్న అడుగు మొక్క మాత్రం చిగురించిందన్నమాట.

ఆ తరువాతే, మా ఇంట్లో పువ్వు ఎవరికి కావాలని ఆలోచించాను. అమ్మకు పూజకు రోజూ గుప్పెడు పూలు కావాలి, మా ఆవిడకు జడలోకి ఒకటి రెండు చాలు. పూలను కూజాలో పెట్టి చూసుకునే అలవాటు మాకెవరికీ లేదు. అలాంటప్పుడు పువ్వు సైజుతో మాకేం పని? తీగ గులాబీకి ప్రహరీ మీద చోటు లేదు, బుల్లి గులాబీల చిన్న కుండీలకు వేసవిలో రెండు పూటలా నీళ్ళు పోసే ఓపిక నాకు లేదు. చివరికి రెండు రకాలు మిగిలాయి. ఒకటి గుత్తులుగా పూసే ఫ్లోరిబండా. అందులో జర్మనీకి చెందిన కోర్డెస్ నర్సరీ 1958లో తెచ్చిన తెల్లని ఐస్‌బర్గ్‌ను, ముళ్ళు తక్కువని ఎంచుకున్నాను. రెండోది ఎడ్వర్డ్ గులాబీ, రీయూనియన్ దీవి పాత పేరుతో పిలిచే బోర్బన్ వర్గానిది. దాని రెక్కలు త్వరగా రాలిపోతాయి, కానీ వాసన మాత్రం వాకిలి దాకా వస్తుంది. మన దేశంలో ఇతర గులాబీలకు అంటు కట్టే అడుగు మొక్కగా దాన్ని కూడా వాడతారు. కొమ్మ నాటితే అంటు లేకుండానే బతుకుతుంది కనుక, ఏ పిలక లేచినా అది ఎడ్వర్డే.

మిగిలిన ఒక్క హైబ్రిడ్ టీని పెద్ద కుండీలోకి మార్చి, వానాకాలమంతా చూరు కింద ఉంచుతున్నాను. జనవరిలో దాని మొదటి పువ్వును మాత్రం అమ్మ కోయబోయినా నేను కోయనివ్వను.