ఆజ్ఞల స్వాహిలీ, ముచ్చట్ల షెంగ్

కెన్యా రాజధాని నైరోబీ ఫ్యాక్టరీల్లో పనికి వచ్చే మనవాళ్ళు మొదటి నెలలో నేర్చుకునే స్వాహిలీ అంతా ఆజ్ఞలే. కుజా అంటే రా, ఫాన్యా అంటే చెయ్యి, వాచా అంటే వదిలెయ్, హరాకా అంటే త్వరగా. ఈ నాలుగు ముక్కలతో షిఫ్ట్ నడిచిపోతుంది. ఏళ్ళ తరబడి ఇక్కడ ఉండి, ఇంతకు మించి ఒక్క మాట రాకుండానే తిరిగి వెళ్ళిపోయినవాళ్ళు నాకు తెలుసు. అది నాకు బాధగా ఉంటుంది. మన కింద పనిచేసే కుర్రాడు మన నోట ఎప్పుడూ పని చెప్పడమే వింటే, వాడి దృష్టిలో మనం ఏమవుతాం?

నేను ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ప్యాకేజింగ్ యూనిట్‌లో మెయింటెనెన్స్ చూస్తాను. మెషీన్ల మీద ఉండే కుర్రాళ్ళలో ఎక్కువమంది ఈస్ట్‌ల్యాండ్స్ వైపు వాళ్ళు. డండోరా, కయోలే, కరియోబంగి, ఉమోజా. మాతో ఇంగ్లీషు మాట్లాడతారు, పెద్దవాళ్ళతో స్వాహిలీ. వాళ్ళలో వాళ్ళకు మాత్రం షెంగ్. స్వాహిలీ వ్యాకరణంలోకి ఇంగ్లీషు, కికుయు, లువో, లుహ్యా, కంబా మాటలు వచ్చి చేరితే తయారైన భాష అది. 1960లు, 70ల నుంచి ఆ తూర్పు పేటల్లోనే పెరిగింది. ఊళ్ళో జనం ఎక్కే ప్రైవేటు మినీబస్సు మటాటుని మత్రీ అంటారు. 20 షిల్లింగులు మ్బావో, 50 ఫింజే, 100 సో. కండక్టర్ తలుపు పట్టుకుని వేలాడుతూ అరిచేది ఈ లెక్కలే. ఎప్పుడో మనవాళ్ళతో పాటు ఓడెక్కి వచ్చిన చపాతీ కూడా ఇక్కడ చాపో అయిపోయింది.

ప్యాకింగ్ సెక్షన్‌లో ఒక స్తంభానికి బైండింగ్ వైరుతో కట్టిన చిన్న రేడియో ఉంది. ఏంటెనా విరిగితే వెల్డింగ్ రాడ్ ముక్క బిగించారు. అది ఎప్పుడూ 89.5 మీదే ఉంటుంది, గెట్టో రేడియో. ఆ స్టేషన్‌ భాషే షెంగ్. వీధిలో కుర్రాళ్ళు ఎలా మాట్లాడతారో యాంకర్లూ అలాగే మాట్లాడతారు. మధ్యలో రెగె పాటలు. మొదట్లో నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మెషీన్ ఆగినప్పుడు, స్పేర్ వచ్చేదాకా ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు పక్కవాణ్ణి అడిగేవాణ్ణి, ఎందుకు నవ్వారని. చెప్పడానికి వాళ్ళు ఎంత ఉత్సాహపడేవాళ్ళో! ఒకడు చెప్పడం మొదలుపెడితే ఇంకొకడు అడ్డం వచ్చి, అలా కాదు బాస్, ఇలా, అనేవాడు.

కమ్యూనిటీ రేడియోల సంగతి వేరు. కోరోగోచో బస్తీలో 2006లో కోచ్ ఎఫ్ఎం మొదలైంది, ఓడ సరుకులు తెచ్చే ఇనుప కంటైనర్‌లో స్టూడియో పెట్టుకుని. మరుసటి ఏడాది కిబేరా బస్తీలో పమోజా ఎఫ్ఎం. రెండూ 99.9 మీదే వస్తాయి. పవర్ తక్కువ కాబట్టి ఒకదాని మాట ఇంకొకదానికి అడ్డురాదు. ఊరికి ఈ మూలన 99.9 పెడితే ఒక బస్తీ, ఆ మూలన పెడితే ఇంకో బస్తీ. నీళ్ళు ఎక్కడ రాలేదు, ఎవరి పిల్లాడు తప్పిపోయాడు, క్లినిక్ ఎప్పుడు తెరుస్తారు లాంటివన్నీ అందులో వినాలి. పెద్ద స్టేషన్లకు ఇవి వార్తలు కావు. నా దృష్టిలో ఇవే వార్తలు.

2007 డిసెంబర్ ఎన్నికల తర్వాత ఇక్కడ జరిగిన హింసలో 1,100 మందికి పైగా చనిపోయారు. మన దగ్గర ఇంటిపేరు అడిగి కులం లెక్కగట్టినట్టు, ఇక్కడ పేరు వింటే తెగ తెలిసిపోతుంది. ఒటియెనో అంటే లువో, కమావు అంటే కికుయు, ముటువా అంటే కంబా. ఆ రోజుల్లో ఆ తేడా ప్రాణాల మీదకు తెచ్చింది. కిబేరా తగలబడుతున్నప్పుడు పమోజా ఎఫ్ఎం వాళ్ళు మైకు ముందు కూర్చుని, ఆగండి, వీళ్ళు మన పక్కింటివాళ్ళే అని చెబుతూ వచ్చారు. మా సెక్షన్‌లో కాస్త వయసున్న ఆపరేటర్లు ఆ రోజుల గురించి ఎక్కువ మాట్లాడరు. నేనూ అడగను.

స్కూలు టీచర్లకు షెంగ్ అంటే గిట్టదు. పిల్లల స్వాహిలీ చెడిపోతోంది, పరీక్షల్లో మార్కులు పోతున్నాయి అంటారు. దొంగల భాష అనేవాళ్ళూ ఉన్నారు. పరీక్ష పేపర్లో షెంగ్ రాయకూడదంటే ఒప్పుకుంటాను. దొంగల భాష అంటే మాత్రం ఒప్పుకోను. నాన్న లువో, అమ్మ కంబా, పుట్టింది కయోలేలో అయిన కుర్రాడికి ఇంట్లో వచ్చిన మొదటి భాషే అది. అది తప్పు అంటే వాడి పుట్టుకే తప్పని అన్నట్టు.

రేడియోకి ఫోన్ చేసినవాణ్ణి యాంకర్ అడిగేది కూడా తెగ కాదు, పేట. ఏ మ్టా? అంటాడు. డండోరా, అంటాడు వాడు. అక్కడితో పరిచయం పూర్తయినట్టే. ఒకసారి నైట్ షిఫ్ట్‌లో మావాడొకడు స్టేషన్‌కు మెసేజ్ పంపాడు. ఇండస్ట్రియల్ ఏరియాలో మేలుకుని ఉన్న వాళ్ళందరికీ అంటూ వరసగా పేర్లు, పేటలు చదివారు. చివర్లో నా పేరు, పక్కన నా పేట, సౌత్ బి. లైన్ మీదున్న వాళ్ళందరూ ఒక్కసారిగా కేకలు పెట్టారు. బజార్లో నేను ముహిందీని, అంటే ఇండియన్‌ని. తెలుగువాడా గుజరాతీయా అన్నది ఎవరికీ పట్టదు. తరాలుగా ఇక్కడే ఉన్న ఆసియా వాళ్ళను 2017లో ప్రభుత్వం 44వ తెగగా గుర్తించింది. వర్క్ పర్మిట్ మీద వచ్చిన మాకు అది వర్తించదు. ఆ రాత్రి మాత్రం నేను సౌత్ బి వాణ్ణి. నాకు అది చాలా పెద్ద విషయం.

ఈమధ్య సేఫ్టీ మీటింగ్ కూడా మార్చాం. బోర్డు మీద ఇంగ్లీషు, స్వాహిలీ రెండూ ఉన్నా అందరూ తలూపి వెళ్ళిపోయేవాళ్ళు. ఇప్పుడు నేను చెప్పాక ఒక ఆపరేటర్ మళ్ళీ షెంగ్‌లో చెబుతాడు. ప్రశ్నలు అప్పుడు మొదలవుతాయి. ఏ గార్డు వదులైంది, ఏ స్విచ్ అంటుకుపోతోంది, ఎవరి వేలు కొద్దిలో తప్పించుకుంది, అన్నీ బయటికి వస్తాయి.

వచ్చే నెల ఆంధ్రా నుంచి ఇద్దరు కొత్త ఫిట్టర్లు వస్తున్నారు. వాళ్ళకోసం మాటల చీటీ రాసిపెట్టమని కుర్రాళ్ళను అడిగాను. పని ఇంకా తెమల్లేదు. డబ్బుకు చపా అనాలని కయోలే వాడు, దో అనాలని డండోరా వాడు, ఇద్దరూ పాతకాలం వాళ్ళని మూడోవాడు. టీ బ్రేక్ అయిపోయినా గొడవ తెగడం లేదు.